అంబులెన్సు లైసెన్సు ఫీజులు, కాగితాల ఖర్చు: నెల్లూరు జిల్లాలో తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఒకటి రెండు బండ్లతో అంబులెన్సు నడిపేవాళ్లు, సొంత బండి పెట్టుకున్న చిన్న ఆసుపత్రులు, చివరికి బిల్లు కట్టే రోగి బంధువులు తరచూ అడిగేవే ఇవన్నీ. రసీదు మీద కనిపించే ఫీజు కన్నా, కాగితం గడువు దాటి బండి నిలబడితే పోయే డబ్బు చాలా ఎక్కువ. అందుకే ఈ పేజీలో ఫీజుల కంటే గడువుల గురించే ఎక్కువ రాశాం. ఊరికే లెక్క కోసం వేసుకున్న అంకెలు ఉన్నచోట ఆ సంగతి అక్కడే చెప్పాం.

అంబులెన్సు లైసెన్సు అంటే ఏమిటి? ఒకే కాగితమా?

కాదు. మాటవరసకు లైసెన్సు అంటాం గానీ, అది నాలుగైదు చోట్ల నుంచి వచ్చే కాగితాల కట్ట. రవాణా శాఖ నుంచి ఆర్సీ (రిజిస్ట్రేషన్ పత్రం), ఎఫ్‌సీ (బండి నడపడానికి తగ్గట్టు ఉందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్). బీమా కంపెనీ నుంచి పాలసీ. పొల్యూషన్ సర్టిఫికెట్. డ్రైవరు లైసెన్సు. ఆఫీసు గది ఉంటే మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు. బండి ఆసుపత్రిదైతే, ఆసుపత్రికి డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) కార్యాలయంలో ఉన్న రిజిస్ట్రేషన్ కూడా ఈ కట్టలోకే వస్తుంది.

వీటిలో ఒక్కొక్కటీ ఒక్కో తేదీన ముగుస్తుంది. డబ్బు పోయేదీ అక్కడే. అన్నీ ఒకేసారి ముగిసేవైతే ఎవరూ మరచిపోరు.

ఏజెంటు పర్మిట్ ఫీజు అని అడుగుతున్నాడు. అంబులెన్సుకు పర్మిట్ కావాలా?

అక్కర్లేదు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 66, సబ్ సెక్షన్ 3 ప్రకారం కేవలం అంబులెన్సుగా వాడే బండికి పర్మిట్ నిబంధన వర్తించదు. శవాలను తీసుకెళ్లే బండికీ అదే మినహాయింపు. చెన్నైకి, వేలూరుకు రోగిని తీసుకెళ్లినా ఇదే సూత్రం. ఆ పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే, ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో చెప్పి ప్రభుత్వ చలానా చూపించమనండి.

అయితే ‘కేవలం’ అన్న మాట గట్టిది. తిరుగు ప్రయాణంలో ఖాళీగా రావడం ఎందుకని తడ దగ్గర నలుగురు ప్యాసింజర్లను ఎక్కించుకున్నారనుకోండి, ఆ క్షణం నుంచి మీది పర్మిట్ లేని రవాణా బండి. సెక్షన్ 192ఏ కింద 10,000 రూపాయల జరిమానా, 6 నెలల వరకు జైలు కూడా పడొచ్చు. నలుగురి టికెట్ డబ్బులు ఎంత? దాని కోసం అంత తలమీదికి తెచ్చుకోవద్దు.

ఎఫ్‌సీ ఎన్నాళ్లకోసారి చేయించాలి? ఆలస్యమైతే ఎంత?

కొత్త బండికి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 2 ఏళ్లు. తర్వాత బండికి 8 ఏళ్లు నిండేదాకా 2 ఏళ్లకోసారి. 8 దాటితే ఏటా. గడువు దాటాక ప్రతి రోజుకూ 50 రూపాయల అదనపు ఫీజు పడుతుంది.

ఎఫ్‌సీ ఫీజు బండి వయసును బట్టి పెరుగుతుంది. ఇదివరకు 15 ఏళ్లు దాటినవాటికే పెద్ద ఫీజు ఉండేది. 2025 నవంబరులో కేంద్రం చేసిన సవరణలో 10 ఏళ్ల దగ్గర నుంచే శ్లాబులు పెట్టారు. పాత రసీదు చూసి బడ్జెట్ వేసుకోవద్దు. స్లాట్ బుక్ చేసే రోజు రవాణా శాఖ పోర్టల్ చూపించే మొత్తమే లెక్క.

రోజుకు 50 రూపాయలే కదా అని కొందరు వాయిదా వేస్తారు. అదే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 56 చదివితే ఆ ధైర్యం ఉండదు. ఎఫ్‌సీ లేని రవాణా బండిని చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ ఉన్నట్టుగా చట్టం చూడదు. అంటే రోడ్డు మీద మీది రిజిస్ట్రేషన్ లేని బండి కింద లెక్క. ఆ సమయంలో ప్రమాదం జరిగితే, బాధితులకు ఇచ్చిన పరిహారాన్ని యజమాని దగ్గర వసూలు చేసుకునే హక్కు ఇవ్వాలని బీమా కంపెనీ ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌ను అడుగుతుంది. అప్పుడు ఇల్లూ పొలమూ లెక్కలోకి వస్తాయి.

ఎఫ్‌సీకి వెళ్తే ఏం చూస్తారు? ఎందుకు తిప్పి పంపుతారు?

మామూలు బండిలో చూసేవన్నీ చూస్తారు: బ్రేకులు, హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు, టైర్ల గాడి, హై సెక్యూరిటీ నంబరు ప్లేటు, రిఫ్లెక్టర్ టేపు, ఫైర్ ఎక్స్‌టింగ్విషరు తేదీ. అంబులెన్సుకు వీటికి తోడు వెనక గది ఉంటుంది. ఎక్కువగా దొరికిపోయేది అక్కడే.

మొదటిది స్ట్రెచర్ లాక్. నేల మీద ఉండే లాక్ పిన్ను అరిగిపోయి, బ్రేకు వేసినప్పుడల్లా స్ట్రెచర్ రెండంగుళాలు ముందుకు జరుగుతుంటుంది. ఇంట్లోనే చూసుకోవచ్చు: స్ట్రెచర్ లాక్ చేసి, కాళ్ల వైపు నుంచి రెండు చేతులతో గట్టిగా లాగండి. ఖణేల్‌మని చప్పుడొస్తే పిన్ను మార్చాల్సిందే. రెండోది ఆక్సిజన్ సిలిండరును తాడుతోనో సైకిల్ ట్యూబుతోనో కట్టడం. దానికి పైనా కిందా రెండు ఇనుప క్లాంపులు ఉండాలి. మూడోది సైరన్ కోసం, ఇన్వర్టరు కోసం ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా లాగిన వైర్లు. ఆక్సిజన్ ఉన్న గదిలో అది నిప్పుతో చెలగాటం. నాలుగోది ఆర్సీలో లేని అదనపు సీటు.

ఇవికాక పాత చలానాలు బకాయి ఉంటే అప్లికేషనే ముందుకు కదలదు. స్లాట్ తీసుకునే ముందు బండి నంబరు కొట్టి చలానాలు, పన్ను బకాయి రెండూ చూసుకోండి. తిప్పి పంపితే మళ్లీ స్లాట్, మళ్లీ ఒక రోజు కిరాయి పోవడం. కాబట్టి గడువుకు నెల ముందు మెకానిక్ దగ్గర బండి ఒకసారి చూపించండి. వారం ముందు చేయిస్తే, తిప్పి పంపినప్పుడు సరిచేసుకునే వ్యవధి మిగలదు.

పాత వ్యాను కొని అంబులెన్సుగా మార్చుకుంటే చవక కదా?

పైకి చవకే. 2018 ఏప్రిల్ 1 నుంచి అంబులెన్సుల తయారీకి ఏఐఎస్-125 ప్రమాణం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నాలుగు రకాలు: ఎ రకం తొలి సాయం అందించే బండి, బి రకం రోగిని తరలించే బండి, సి రకం బేసిక్ లైఫ్ సపోర్ట్, డి రకం అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్. బాడీ కట్టే సంస్థ దగ్గర ఆమోదం పొందిన డిజైను ఉండి, ఫారం 22ఏ (బండి ప్రమాణాలకు తగ్గట్టు ఉందని బాడీ కట్టినవాళ్లు ఇచ్చే పత్రం) ఇవ్వగలిగితేనే రిజిస్ట్రేషన్ సాఫీగా సాగుతుంది. వీధి చివర షెడ్డులో సీట్లు పీకి స్ట్రెచర్ బిగించిన వ్యానుకు ఆ ఫారం రాదు. సెక్షన్ 52 ప్రకారం అనుమతి లేకుండా బండి రూపం మార్చడమే తప్పు.

అడ్వాన్సు ఇచ్చే ముందు బాడీ షాపు వాళ్లను రెండే అడగండి: ఏ రకానికి ఆమోదం ఉంది, ఫారం 22ఏ మీద ఏ రకమని రాసిస్తారు? నోటిమాటగా ‘అన్నీ మేం చూసుకుంటాం’ అంటే అక్కడే ఆగండి.

మొత్తం కాగితాల ఖర్చు ఒక్కో ట్రిప్పు మీద ఎంత పడుతుంది?

ఇది అందరూ వేసుకోవాల్సిన లెక్క, వేసేవాళ్లు తక్కువ. కింది అంకెలు ఉదాహరణకే. మీ రసీదుల్లో ఉన్నవి తీసి వేసుకోండి.

ఏడాదికి బీమా 32,000. ఎఫ్‌సీ ఫీజు, దానికి ముందు చేయించే రిపేర్లు కలిపి 9,000. పొల్యూషన్, డ్రైవరు లైసెన్సు, సిలిండరు టెస్టు, ట్రేడ్ లైసెన్సు, శిక్షణ కలిపి 7,000. మొత్తం 48,000 రూపాయలు.

నెల్లూరు టౌనులో పెద్దాసుపత్రి దగ్గర ఉండే బండి నెలకు 60 ట్రిప్పులు వేస్తుందనుకుందాం. ఏడాదికి 720. ట్రిప్పుకు సుమారు 67 రూపాయలు పడుతుంది. అదే బండి ఉదయగిరిలో ఉండి నెలకు 20 ట్రిప్పులే వేస్తే ఏడాదికి 240. ట్రిప్పుకు 200. ఫీజు ఇద్దరికీ ఒకటే, భారం మాత్రం పల్లె బండి మీద మూడు రెట్లు. మెట్ట ప్రాంతంలో ప్రైవేటు అంబులెన్సులు ఎందుకు నిలవవో అర్థం కావడానికి ఈ ఒక్క లెక్క చాలు. ఊళ్లో బండి లేకపోతే రోగి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని నెల్లూరు నుంచి బండి వచ్చేదాకా ఆగాలి.

ఇప్పుడు నిలబడిన బండి లెక్క. డీజిలు, డ్రైవరు బత్తా పోను రోజుకు 1,800 మిగులుతోందనుకుందాం. ఎఫ్‌సీ దాటిపోయి 15 రోజులు బండి షెడ్డులో ఉంటే అదనపు ఫీజు 750 రూపాయలు. పోయిన ఆదాయం 27,000. ఈఎంఐ మాత్రం ఆగదు. యజమానులు 750 గురించి వాదిస్తారు, 27,000 సంగతి పుస్తకంలో రాసుకోరు.

ఫీజు పెరిగితే కిరాయి ఎంత పెంచాలి?

పెరిగిన మొత్తాన్ని ఏడాది ట్రిప్పులతో భాగించండి, అంతే పెంచండి. ఎఫ్‌సీ, బీమా కలిసి ఏడాదికి 6,000 పెరిగిందనుకుందాం. 240 ట్రిప్పుల బండికి ట్రిప్పుకు 25 రూపాయలు. 720 ట్రిప్పుల బండికి 9 రూపాయలు కూడా పడదు. ‘ప్రభుత్వం ఫీజులు పెంచింది’ అని చెప్పి చెన్నై ట్రిప్పుకు ఒకేసారి 1,000 పెంచడం న్యాయం కాదు. డీజిలు వల్ల పెరిగిందైతే డీజిలు వల్లే అని చెప్పాలి. ఆపదలో ఉన్న మనిషి బేరమాడలేడు కాబట్టి, లెక్క మనమే సరిగ్గా వేయాలి.

ఆ డబ్బు ముందుగా ఎలా పోగేసుకోవాలి?

రెండు పనులు. ఒకటి, వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, ట్రిప్పు డబ్బు చేతికి వచ్చిన రోజే కాగితాల వాటా అందులో వేయండి. పై లెక్కలో టౌను బండికి 70, పల్లె బండికి 200. నెలాఖరున వేద్దామంటే వేయరు. నెలకు ట్రిప్పులు తగ్గినా ఖర్చు తగ్గదు కాబట్టి, పల్లె బండ్లవాళ్లు ట్రిప్పు లెక్కన కాకుండా నెలకు 4,000 అని స్థిరంగా వేసుకోవడం మేలు.

రెండోది, ఒక అట్టముక్క మీద ఎఫ్‌సీ, బీమా, పొల్యూషన్, డ్రైవరు లైసెన్సు, సిలిండరు టెస్టు, ఫైర్ ఎక్స్‌టింగ్విషరు అని ఆరు వరసలు గీసి, ముగిసే తేదీలు పెద్దక్షరాలతో రాసి డ్రైవరు తల దగ్గర సన్‌షేడ్‌కు అతికించండి. యజమాని ఫోన్లో ఉన్న రిమైండరు డ్రైవరుకు కనపడదు. ఆ అట్ట రోజూ కనపడుతుంది.

అంబులెన్సుకు జీఎస్టీ ఉందా?

రెండు వైపులా చూడాలి. రోగిని అంబులెన్సులో తీసుకెళ్లే సేవకు జీఎస్టీ లేదు. ఆసుపత్రి నడిపినా, సొంతంగా ఒక మనిషి నడిపినా మినహాయింపే. అందుకే కిరాయి బిల్లులో జీఎస్టీ వేయకూడదు.

కొనేటప్పుడు మాత్రం పన్ను కట్టాలి. ఫ్యాక్టరీలోనే అన్ని అమరికలతో తయారైన అంబులెన్సు మీద 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం అయింది. పన్ను కలపని ధర 9 లక్షలైతే, ఇదివరకు 2,52,000 అయ్యేది ఇప్పుడు 1,62,000. తేడా 90,000. మీ సేవకు పన్ను లేదు కాబట్టి ఈ 1,62,000 మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తర్వాత కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) రాదు, అది పూర్తిగా మీ పెట్టుబడే. గిట్టుబాటు లెక్కలో పన్ను కలిపిన ధరే వేసుకోండి. బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టులో కొందరు పన్ను లేని ధర వేసి తర్వాత మార్జిన్ మనీ (సొంతంగా పెట్టాల్సిన వాటా) సరిపోక అప్పు చేస్తున్నారు.

రొట్టెల పండుగకు, క్రికెట్ టోర్నీకి స్టాండ్‌బైగా బండి పెడితే?

ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. రొట్టెల పండుగ జరిగే స్వర్ణాల చెరువు దగ్గర రోజంతా బండి నిలబెట్టి అద్దె తీసుకుంటే అది రోగిని తరలించడం కాదు. ఆసుపత్రికి నెలవారీ అద్దెకు బండి ఇవ్వడం మీదా ఇదే తగాదా వస్తుంది. అలాంటి ఆదాయం పన్ను పరిధిలోకి రావచ్చు.

సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు. కేవలం మినహాయింపు సేవలే చేసేవాళ్లకు ఎంత టర్నోవరున్నా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఒక్కసారి పన్ను పడే సేవ చేస్తే, 20 లక్షల లెక్కలో మినహాయింపు ఆదాయం కూడా కలుస్తుంది. అంటే రోగుల ట్రిప్పుల మీద 22 లక్షలు వచ్చిన మూడు బండ్ల యజమాని 15,000 రూపాయల స్టాండ్‌బై పని ఒప్పుకుంటే, రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సి రావచ్చు. ఆ తర్వాత రిటర్నులు, ఆడిటరు ఫీజు. మీ టర్నోవరు 20 లక్షలకు దగ్గరగా ఉంటే ముందు ఆడిటరును అడిగి ఒప్పుకోండి. ఆసుపత్రితో ఒప్పందం రాసుకునేటప్పుడు ‘వాహనం అద్దె’ అని కాక, వాస్తవంగా చేసే పని అదే అయితే, ‘రోగుల తరలింపు, ట్రిప్పుకు ఇంత’ అని రాసుకోండి.

బీమా ఎందుకంత ఎక్కువ? తగ్గించుకునే దారి ఉందా?

బీమా టారిఫ్‌లో అంబులెన్సు ‘ఇతర, ప్రత్యేక రకం వాహనాలు’ అనే డి క్లాసులో వస్తుంది. కారు కింద రాయించి ప్రీమియం తగ్గించుకున్నవాళ్లు క్లెయిము రోజున అంతకు పది రెట్లు పోగొట్టుకుంటారు. థర్డ్ పార్టీ ప్రీమియం ఎక్కడైనా ఒకటే. బేరం ఆడగలిగేది ఓన్ డ్యామేజీ (మన బండికి జరిగే నష్టం) భాగం మీదే.

పాలసీ చేతికి వచ్చాక నాలుగు చూడండి. బాడీ టైపు దగ్గర అంబులెన్సు అని ఉందా? సీటింగ్ కెపాసిటీ ఆర్సీతో కలుస్తోందా? మానిటరు, సక్షన్ మెషీను, వెంటిలేటరు విలువ విడిగా చేర్చారా? జీతం డ్రైవరుకు లీగల్ లయబిలిటీ (పనిలో అతనికి ఏమైనా అయితే యజమాని ఇవ్వాల్సిన పరిహారానికి బీమా) ఉందా? ఈ చివరిదానికి టారిఫ్ ప్రకారం మనిషికి 50 రూపాయలే. అది వదిలేసి తర్వాత బాధపడేవాళ్లే ఎక్కువ.

డ్రైవరుకు ఏ లైసెన్సు ఉండాలి?

7,500 కిలోల లోపు బండికి ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సు సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఉన్నవాళ్లకు 5 ఏళ్లకోసారి రెన్యువల్. రెన్యువల్ ఫీజు యజమానే పెట్టుకోవడం మంచిది. డ్రైవరు తన జేబులోంచి పెట్టాల్సి వస్తే వాయిదా వేస్తాడు, బండి ఆగేది మీది. బేసిక్ లైఫ్ సపోర్ట్ శిక్షణ తీసుకుంటే ఆ కార్డు సాధారణంగా 2 ఏళ్లు చెల్లుతుంది. దాన్నీ సన్‌షేడ్ అట్ట మీదికి ఎక్కించండి.

కాగితాలకు డబ్బు సర్దుబాటు చేయాలంటే ఎక్కడ తగ్గించకూడదు?

ఆక్సిజన్ దగ్గర. మొదట కోత పడేది అక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

బి టైపు చిన్న సిలిండరులో సుమారు 1,500 లీటర్ల వాయువు ఉంటుంది. డి టైపు పెద్దదాంట్లో సుమారు 7,000. రోగికి నిమిషానికి 10 లీటర్లు పెడితే చిన్న సిలిండరు 150 నిమిషాల్లో అయిపోతుంది. నెల్లూరు నుంచి చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు. సిటీ ట్రాఫిక్‌తో కలిపి మూడున్నర గంటలు, అంటే 210 నిమిషాలు, 2,100 లీటర్లు. ఆసుపత్రిలో బెడ్ దొరికేదాకా గేటు దగ్గర ఆగే సమయానికి ఇంకో సగం కలిపితే 3,150. కాబట్టి చెన్నై ట్రిప్పుకు నిండు డి సిలిండరు ఒకటి, దిగేటప్పుడు స్ట్రెచరుతో పాటు పట్టుకెళ్లడానికి బి ఒకటి కావాలి.

గేజి చూడటం కష్టం కాదు. నిండు సిలిండరు సుమారు 150 దగ్గర చూపిస్తుంది. 75 ఉంటే సగం వాయువు ఉన్నట్టు. బయల్దేరే ముందు ఆ అంకె ట్రిప్ షీట్‌లో రాయండి, రోగి బంధువుకూ చూపించండి. సిలిండరుకు 5 ఏళ్లకోసారి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో బలం చూసే పరీక్ష) తప్పనిసరి. తేదీ సిలిండరు భుజం మీద గుద్ది ఉంటుంది, రంగు కింద కప్పబడిపోతే గుడ్డతో తుడిచి చూడండి.

టోల్ కట్టాలా?

జాతీయ రహదారుల మీద అంబులెన్సుకు టోల్ మినహాయింపు ఉంది. 2008 ఫీజు నిబంధనల్లోనే రాసి ఉంది. సూళ్లూరుపేట, బూదనం, వెంకటాచలం, కావలి దాటాక టంగుటూరు, ఎక్కడైనా అంతే. అయితే మామూలు ఫాస్టాగ్ అతికించి ఉంటే యంత్రం డబ్బు లాగేస్తుంది. మినహాయింపు వర్గం ఫాస్టాగ్ కోసం జాతీయ రహదారుల సంస్థకు ఆర్సీతో దరఖాస్తు పెట్టుకోండి.

మేం రోగి బంధువులం. టోల్, ఆర్టీఓ ఖర్చు, జీఎస్టీ అని వేరుగా అడుగుతున్నారు. ఇవ్వాలా?

జాతీయ రహదారి మీద టోల్ లేదు, జీఎస్టీ లేదు, పర్మిట్ లేదు. ఎఫ్‌సీ, బీమా ఖర్చులు కిరాయిలో కలిసి ఉండాల్సినవే, వేరే వరసగా రాకూడదు. బండి ఎక్కించే ముందు ఒక్క మాట అడగండి: ‘అన్నీ కలిపి ఎంతన్నా? ఆక్సిజన్, వెయిటింగ్ అందులోనే ఉన్నాయా?’ ఆ అంకెను ఫోన్లో మెసేజ్‌గా పెట్టమనండి.

రసీదు మీద బండి నంబరు, తేదీ, బయల్దేరిన సమయం, ఎక్కడి నుంచి ఎక్కడికి, కిలోమీటర్లు, ఆక్సిజన్ వాడారా, మొత్తం, సంతకం ఉండాలి. ఆరోగ్య బీమాకు ఆ రసీదే ఆధారం. ఉదాహరణకు ఆరోగ్య సంజీవని పాలసీలో ఒక్కో ఆసుపత్రి చేరికకు అంబులెన్సు ఖర్చు 2,000 రూపాయల వరకు ఇస్తారు. తెల్ల కాగితం మీద గీసిచ్చిన అంకెకు రూపాయి రాదు.

ఆసుపత్రి గేటు దగ్గర కమీషన్ ఇవ్వకపోతే బండి పెట్టనివ్వరు. దాన్ని లైసెన్సు ఖర్చులో వేసుకోవచ్చా?

వేసుకోకూడదు. దానికి రసీదు ఉండదు, పన్ను లెక్కలో చూపలేరు, చట్టం రక్షించదు. ట్రిప్పుకు వెయ్యి కమీషన్ పోతోందంటే, పైన లెక్కేసిన 67 రూపాయల కాగితాల ఖర్చుకు అది దాదాపు పదిహేను రెట్లు. ‘ఫీజులు ఎక్కువైపోయాయి’ అని రోగికి చెప్పే రేటులో అసలు బరువు ఇదే. కలిసికట్టుగా ఆసుపత్రి సూపరింటెండెంటుకు, కలెక్టరు కార్యాలయంలో ఫిర్యాదులు తీసుకునే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు రాతపూర్వకంగా ఇవ్వండి. దూరాన్ని బట్టి రేట్ల బోర్డు గేటు దగ్గర పెట్టించమని అడగండి.

108 ఉచితం కదా, ఈ ఖర్చులు అక్కడ ఎవరు భరిస్తారు?

ప్రభుత్వం. 2005 ఆగస్టు 15న మొదలైన ఈ సేవలో నిర్వహణ సంస్థకు ప్రభుత్వమే చెల్లిస్తుంది, రోగి దగ్గర ఏమీ తీసుకోకూడదు. ప్రమాదం, గుండెనొప్పి, కాన్పు నొప్పులు ఏదైనా మొదట 108కే చేయండి. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయ్యాక ఇంటికి చేర్చడానికి 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. ప్రభుత్వాసుపత్రిలో చనిపోయినవాళ్లను ఇంటికి చేర్చడానికి మహాప్రస్థానం బండి ఉచితం. కుటుంబం కోరిన ఆసుపత్రికి, వేరే రాష్ట్రానికి వెళ్లాల్సినప్పుడే ఎక్కువగా ప్రైవేటు బండి అవసరపడుతుంది.

మా ఊరికి ఒక దాత అంబులెన్సు ఇస్తానంటున్నారు. ఏం చూసుకోవాలి?

ముందు నిర్వహణ డబ్బు సంగతి తేల్చుకోండి. విదేశాల్లో ఉన్న ఊరివాళ్లు ప్రేమతో బండి ఇస్తారు, రిబ్బను కటింగ్ అవుతుంది, రెండేళ్ల తర్వాత మొదటి ఎఫ్‌సీ వస్తుంది. అప్పటికి బీమా ముగిసి ఉంటుంది, ఎవరు కట్టాలో తేలదు, పంచాయతీ ఆఫీసు పక్కన వేపచెట్టు కింద బండి టైర్లు చప్పబడి నిలబడుతుంది. ఎనిమిది లక్షల దానం ముప్పై నలభై వేల కాగితాల దగ్గర ఆగిపోతుంది.

దాతతో మాట్లాడేటప్పుడే బండితో పాటు కనీసం 3 ఏళ్ల కాగితాల ఖర్చు, పై ఉదాహరణ లెక్కన 1,44,000, ట్రస్టు పేరు మీద డిపాజిట్ చేయమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. డ్రైవరు జీతం, డీజిలు దీనికి వేరు.

ఆర్సీ దాత పేరు మీద ఉంచొద్దు. ప్రమాదం జరిగితే నోటీసులు ఆయనకే వెళ్తాయి. రిజిస్టరైన ట్రస్టు లేదా సొసైటీ పేరు మీదికి మార్చండి.

మాది 20 పడకల నర్సింగ్ హోమ్. అంబులెన్సు పెట్టుకుంటే మాకు అదనంగా ఏముంటుంది?

ఆసుపత్రి రిజిస్ట్రేషన్ 2002 నాటి రాష్ట్ర ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద, డీఎంహెచ్‌ఓ దగ్గర, 5 ఏళ్లకు. ఫీజు పడకల సంఖ్యను బట్టి ఉంటుంది, బండి ఉన్నందుకు పెరగదు. బండిలో వాడిన సూదులు, దూది, గ్లౌజులు మీ ఆసుపత్రి బయోమెడికల్ వ్యర్థాల లెక్కలోనే కలవాలి. వెనక గదిలో పసుపు సంచి, ఎర్ర సంచి, సూదుల డబ్బా పెట్టండి. నెలకు 10 ట్రిప్పులు కూడా ఉండవనుకుంటే సొంత బండి వద్దు. దగ్గర్లోని ఆపరేటరుతో ట్రిప్పు లెక్కన ఒప్పందం చేసుకోండి.

ఈ ఫీజులన్నీ ఆదాయపు పన్నులో తగ్గుతాయా?

రెగ్యులర్ లెక్కలు రాసేవాళ్లకు ఎఫ్‌సీ, బీమా, రిజిస్ట్రేషన్ ఫీజులు వ్యాపార ఖర్చులే. ట్రాఫిక్ చలానాలు, చట్టం మీరినందుకు కట్టిన జరిమానాలు తగ్గవు. టర్నోవరు మీద 6 లేదా 8 శాతం లాభంగా చూపే పద్ధతిలో వెళ్తే ఏ ఖర్చూ విడిగా తగ్గించుకోలేరు. ఒక్కో లారీకి ఇంత అని చూపే పద్ధతి సరుకు బండ్లకే, అంబులెన్సుకు పనికిరాదు.

బండి అమ్మేశాను, కొన్నవాళ్లు పేరు మార్చుకోలేదు. నాకు ఇబ్బందా?

అవును. ఆర్సీలో ఎవరి పేరుంటే చలానాలు, కోర్టు నోటీసులు వాళ్లకే వస్తాయి. రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పూర్తయి, ఆన్‌లైన్‌లో అప్లికేషన్ నంబరు వచ్చాకే తాళం చెవి ఇవ్వండి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి బ్రోకరు చేతికి ఇవ్వొద్దు. సైరను, పైన లైటు, అంబులెన్సు అక్షరాలు ఉండగా మామూలు వాడకానికి అమ్మకండి. అమ్మేలోపు బాడీ టైపు మార్పించడమో, మరో అంబులెన్సు ఆపరేటరుకే ఇవ్వడమో చేయండి.